ఊపిరితిత్తిలో గడ్డ: బ్రాంకోస్కోపీకి, మైక్రోస్కోప్ పరీక్షకు ఎలా సిద్ధం కావాలి

సీటీ స్కాన్‌లో ఊపిరితిత్తిలో గడ్డ కనబడింది. హైదరాబాద్ పోయి బ్రాంకోస్కోపీ (కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని శ్వాసనాళాల్లోకి పంపి చూసే పరీక్ష) చేయించుకోండని నల్గొండలోనో పాలమూరులోనో డాక్టర్ చీటీ రాసిచ్చారు. ఆ చీటీ చేతిలో పడ్డాక ఇంట్లో సగం మంది ఏ ఆస్పత్రి మంచిదని అడుగుతారు, మిగతా సగం ఏ మిషన్ కొత్తదని అడుగుతారు. అడగండి, తప్పులేదు. కానీ వాటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. గడ్డలో సరైన చోటి నుంచి, సరిపడా ముక్క వస్తుందా? వచ్చిన ముక్కను ఏమేం పరీక్షలకు పంచుతారు? బ్రాంకోస్కోపీ జరుగుతుండగానే కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతులు ఇప్పుడు వచ్చాయి. అవి పనికొచ్చేదీ ఈ ప్రశ్నకే.

చీటీ దగ్గర్నుంచి రిపోర్టు దాకా మీరేం చేయాలో వరసగా చెప్తాను. పేషెంటు మీ నాయన అనుకుని రాస్తున్నా. మీ అమ్మ అయినా, మీరే అయినా పద్ధతి ఇదే.

ముందు కాగితాలన్నీ ఒక సంచిలో

సీటీ రిపోర్టు కాగితం ఒక్కటి పట్టుకుని పోకండి. ఫిల్ములు, సీడీ కూడా కావాలి. బ్రాంకోస్కోపీ చేసే డాక్టర్ రిపోర్టు చదివి ఊరుకోరు. ఏ శ్వాసనాళంలోంచి పోతే గడ్డ దగ్గరికి చేరొచ్చో సీడీలోని బొమ్మలను ఒక్కొక్కటిగా జరుపుతూ చూసుకుంటారు. ఇంట్లో బీరువా మీద, బియ్యం డబ్బా వెనక ఎక్కడైనా రెండు మూడేళ్ల కిందటి ఛాతీ ఎక్స్‌రే దొరికితే అది బంగారం. అప్పుడే ఆ నీడ ఉండి, ఇన్నేళ్లలో ఏమీ పెరగకపోతే కథ ఒకలా ఉంటుంది. ఆరు నెలల్లో పుట్టి పెరిగితే ఇంకోలా ఉంటుంది.

టీబీ మందులు వాడి ఉంటే ఆ కార్డు తప్పక పెట్టండి. దగ్గు, దమ్ము, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం అనగానే మన దగ్గర ఎవరికైనా మొదట టీబీయే గుర్తుకొస్తుంది. అందులో తప్పేం లేదు, టీబీయే ఎక్కువ కాబట్టి. చిక్కు వచ్చేది ఇంకో చోట. కళ్లె పరీక్షలో టీబీ తేలకుండానే ఎక్స్‌రే నీడ చూసి మందులు మొదలుపెడతారు. రెండు నెలలు వాడినా నీడ తగ్గదు. అయినా ‘కోర్సు పూర్తి కానివ్వండి’ అంటూ నెలలు గడిచిపోతాయి. అలా జరుగుతుంటే ఆగకుండా సీటీ అడగండి. టీబీ, క్యాన్సర్ రెండూ ఒకే మనిషిలో ఉండటం కూడా ఉంది.

ఏం పని చేశారో కూడా రాసుకోండి. బీడీ, చుట్ట ఎన్నేళ్లు తాగారో మాత్రమే చెప్పి ఊరుకుంటాం. కంకర మిషన్ దగ్గర, క్వారీలో, రాళ్లు కొట్టే పనిలో ఎన్నేళ్లు ఉన్నారన్నది కూడా అంతే ముఖ్యం. రాతి దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. పైగా ఆ దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ కూడా సీటీలో గడ్డల్లాగే కనబడుతుంది, ఛాతీ మధ్య గ్రంథులను ఉబ్బిస్తుంది. వలస పోయి పనిచేసిన పాలమూరు కూలీల విషయంలో ఈ ఒక్క ముక్క చెప్పకపోతే డాక్టర్ ఆలోచన వేరే దారి పట్టొచ్చు. ఇక బీడీ ముట్టని ఆడవాళ్లకు ఈ జబ్బు రాదనుకోవడం వట్టి భ్రమ. అడెనోకార్సినోమా అనే రకం పొగ తాగనివాళ్లలోనూ వస్తుంది.

గడ్డ ఎక్కడుందో తెలుసుకోండి

దారి దీన్నిబట్టే ఉంటుంది. బ్రాంకోస్కోప్ అంటే చిటికెన వేలి కన్నా సన్నటి గొట్టం, సుమారు 5, 6 మిల్లీమీటర్ల మందం, చివర కెమెరా. పెద్ద శ్వాసనాళాల దాకా చక్కగా పోతుంది. గడ్డ నాళంలోకి పొడుచుకొచ్చి ఉంటే కంటికి కనబడుతుంది, చిన్న పట్టకారుతో ముక్క తీస్తారు. ఛాతీ మధ్యలోని గ్రంథులు ఉబ్బితే ఈబస్ అనే పరికరం వాడతారు. గొట్టం చివర అల్ట్రాసౌండ్ ఉంటుంది. నాళం గోడ అవతల గ్రంథిని తెర మీద చూస్తూ సూది దించుతారు. గడ్డ ఊపిరితిత్తి అంచున, పక్కటెముకల దగ్గర ఉంటే చాలాసార్లు సీటీ చూస్తూ బయటి నుంచే సూది వేయడం సులువు. కాకపోతే ఆ దారిలో ఊపిరితిత్తి నుంచి గాలి లీకయ్యే ప్రమాదం ఎక్కువ. లోపలి నుంచే పోదామంటే, సన్నటి అల్ట్రాసౌండ్ తీగను చిన్న నాళాల్లోకి పంపి వెతుకుతారు.

కాబట్టి మొదటి ప్రశ్న: ‘సార్, గడ్డ గొట్టానికి అందే చోట ఉందా? లోపలి నుంచి మేలా, బయటి నుంచి మేలా?’ ఈ ప్రశ్నకు బొమ్మ గీసి చెప్పే డాక్టర్ దొరికితే మీ సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మైక్రోస్కోప్ ఎక్కడ అవసరమవుతుంది

సూది నాళం గోడ దాటాక దాని మొన ఎక్కడుందో కెమెరాకు కనబడదు. అల్ట్రాసౌండ్ గడ్డ ఆకారాన్ని చూపిస్తుంది గానీ అక్కడున్నవి క్యాన్సర్ కణాలా, చచ్చిపోయిన కండా, వాపా, వట్టి రక్తమా అన్నది చెప్పలేదు. పెద్ద గడ్డల మధ్యభాగం చచ్చిపోయి ఉండటం మామూలే. సూది సరిగ్గా గడ్డలోనే దిగినా పనికిరాని పదార్థం రావచ్చు. పది రోజుల తర్వాత ‘సరిపడా కణాలు లేవు’ అని రిపోర్టు వస్తుంది. మళ్లీ హైదరాబాద్, మళ్లీ పరగడుపు, మళ్లీ ఖర్చు.

దీన్ని తప్పించేందుకు రెండు మార్గాలున్నాయి. బోరు వేసేటప్పుడు పైకొచ్చే మట్టిని చేతిలో వేసుకుని చూడటం ఒకటి, బోరులోకి కెమెరా దించి చూడటం ఇంకోటి. ఇక్కడా అంతే.

మొదటిదాన్ని రోజ్ అంటారు. సూదితో తీసిన చుక్కను అప్పటికప్పుడే గాజు స్లైడ్ మీద పరుస్తారు. నిమిషం, రెండు నిమిషాల్లో రంగు వేసి, ఆ గదిలోనే మైక్రోస్కోప్ కింద పెట్టి పాథాలజిస్టు (కణాలు, ముక్కలు చూసి జబ్బు తేల్చే డాక్టర్) చూస్తారు. కణాలు వస్తే వచ్చాయంటారు, లేకపోతే ‘ఇంకొంచెం పక్కకు వేయండి’ అంటారు. ఇందులో పెద్ద మిషనేమీ లేదు. కావాల్సింది మైక్రోస్కోప్, రంగులు, ఓపిగ్గా గదిలో నిలబడే మనిషి. నా లెక్కలో మీరు వెతకాల్సింది దీన్నే.

రెండోది సూదిలోంచి పోయే మైక్రోస్కోప్. కన్ఫోకల్ లేజర్ ఎండోమైక్రోస్కోపీ అనే పెద్ద పేరు దానిది. వెంట్రుకల్లాంటి గాజు తీగల సన్నటి కట్టను 19 గేజ్ సూదిలోంచి గడ్డ దాకా పంపుతారు. దాంట్లోంచి 488 నానోమీటర్ల నీలి లేజర్ కాంతి పోతుంది. అంతకు కాస్త ముందు చేతి నరంలోకి ఫ్లోరెసీన్ అనే పసుపుపచ్చ రంగుమందు ఎక్కిస్తారు. రెటీనా పరీక్షకు కంటి డాక్టర్లు ఏళ్ల తరబడి వాడుతున్న మందే అది. రంగు కణాల చుట్టూ నిండి మెరుస్తుంది, కణాలు నల్లగా కనబడతాయి. ముక్క తీయకముందే, మనిషి ఊపిరి తీస్తుండగానే, తెర మీద నలుపు తెలుపుల్లో కణాలు కదులుతూ కనబడతాయి.

ఆ బొమ్మలో ఏం చూస్తారు? 2019లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు మూడు గుర్తులు చెప్పారు. కణాలు పెద్దవిగా, ఒకదానికొకటి పోలిక లేని సైజుల్లో ఉండటం, నల్లటి ముద్దలు కనబడటం, కణాలన్నీ ఒకే దిక్కుకు ప్రవహిస్తున్నట్టు బారులు తీరి ఉండటం. మామూలు ఊపిరితిత్తిలో అయితే గాలి గదుల చుట్టూ సాగే నార పోగుల వల కనబడుతుంది. మామూలు గ్రంథిలో చిన్న చిన్న గుండ్రటి కణాలు, అన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి.

ఇది వినగానే ‘అయితే ముక్క తీయక్కర్లేదు కదా’ అంటారు. తీయాలి. ఈ మైక్రోస్కోప్‌కు ఒకేసారి కనబడేది మిల్లీమీటరులో మూడో వంతు మేర, అది కూడా పైపైన, మిల్లీమీటరులో పదో వంతు లోతు కూడా కాదు. ఫ్లోరెసీన్ కణం మధ్యనుండే కేంద్రకాన్ని చూపించదు. పాథాలజిస్టు తీర్పు చెప్పేది ముఖ్యంగా కేంద్రకం చూసే. మధ్యలో రక్తం వస్తే బొమ్మ చెదిరిపోతుంది. ఏ రకం క్యాన్సర్, ఏ మందు పనిచేస్తుంది అన్నది ఈ బొమ్మలో ఎంత వెతికినా దొరకదు. సూది సరైన చోట ఉందా అన్నంతవరకే దీని సాయం. ఆ తర్వాత అదే చోటి నుంచి ముక్క తీసి ల్యాబ్‌కు పంపాల్సిందే.

అందుకే ఈ మిషన్ కోసమే ఊరూరూ తిరగొద్దంటాను. జిల్లా ఆస్పత్రుల్లో ఇది ఉండదు. పెద్ద నగరాల్లో కూడా రోజువారీ పరీక్ష కాదు. మీరు పోయిన చోట ఉంటే మంచిదే, డాక్టర్ అవసరమంటే చేయించండి. లేదని మాత్రం నెల రోజులు ఆలస్యం చేయకండి. ఈబస్, దాని పక్కన రోజ్ చేసే పాథాలజిస్టు ఉంటే చాలు. ఎన్‌బీఐ, ఆటోఫ్లోరెసెన్స్ అనే పేర్లు కూడా వినబడతాయి. అవి వేరే రంగు కాంతితో నాళం లోపలి పొరను చూసే పద్ధతులు, కణాలను చూపించవు.

ఎక్కడికి పోవాలి

సర్కారు వైపు అయితే ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి, నిమ్స్, గాంధీ ఉన్నాయి. నల్గొండ, సూర్యాపేట, భువనగిరి వైపు వాళ్లకు బీబీనగర్ ఎయిమ్స్ దగ్గర. క్యాన్సర్ అని తేలాక రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సులు సంచిలోనే పెట్టుకోండి. ఆస్పత్రి గేటు దగ్గర ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో అడగాల్సింది ‘ఇది వర్తిస్తుందా’ అని కాదు. ‘ఏ పరీక్షకు చేతి నుంచి కట్టాలి, దేనికి కట్టక్కర్లేదు’ అని విడివిడిగా అడిగి కాగితం మీద రాయించుకోండి. ముక్క తీయడం ఒక ఖర్చు, ఆ ముక్క మీద చేసే పరీక్షలు ఇంకో ఖర్చు.

వారం ముందు: మందుల సంగతి

నాయన వాడే మందుల పేర్లు రాయడం కాదు, అట్టలే తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందులది పెద్ద పని. క్లోపిడోగ్రెల్ అయితే 5 నుంచి 7 రోజుల ముందు, వార్ఫరిన్ అయితే 5 రోజుల ముందు ఆపిస్తారు. యాస్పిరిన్‌ను చాలాసార్లు ఆపరు. గుండెలో స్టెంట్ వేసి ఉంటే మీ అంతట మీరు ఒక్క గోలీ కూడా ఆపొద్దు. గుండె డాక్టర్‌తో మాట్లాడి, ఎప్పటి నుంచి ఆపాలో, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో రెండు తేదీలూ రాయించుకోండి. రెండో తేదీ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

షుగర్ ఉంటే పరీక్ష రోజు పొద్దుటి గోలీ, ఇన్సులిన్ వేసుకోవాలా వద్దా అని అడగండి. బీపీ గోలీ మామూలుగా కొద్ది నీళ్లతో వేసుకోమంటారు. ఉబ్బసం ఉంటే ఇన్‌హేలర్ వెంట ఉండాలి. ఫ్లోరెసీన్ ఎక్కిస్తామని చెబితే మూడు సంగతులు తప్పక చెప్పండి: ఇంతకుముందు కంటి పరీక్షలో ఆ రంగు ఎక్కించినప్పుడు దద్దుర్లో, వాంతులో, ఊపిరాడకపోవడమో అయిందా, బీటా బ్లాకర్ రకం బీపీ మందు వాడుతున్నారా, గర్భవతో పాలిచ్చే తల్లో అయితే ఆ సంగతి.

‘గడ్డకు సూది తగిలితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది’ అని ఊళ్లో ఎవరో ఒకరు అంటారు. సూది దారి వెంట కణాలు పాకడం చాలా చాలా అరుదు. ముక్క తీయకుండా ఏ క్యాన్సర్ డాక్టరూ మందు మొదలుపెట్టరు. ఆ మాటన్న పెద్దమనిషికి దండం పెట్టి బస్సెక్కండి.

పరీక్ష రోజు

అన్నం, టిఫిన్, పాలు కలిసినవి ఏవైనా 6 గంటల ముందే ఆపేయాలి. మంచినీళ్లు 2 గంటల ముందు దాకా తాగొచ్చు. మీ ఆస్పత్రి ఇంకా గట్టి నియమం చెబితే అదే పాటించండి. మన వాళ్లకు పరగడుపు అంటే అన్నం తినకపోవడమే, చాయ్ లెక్కలోకి రాదు. నల్గొండ బస్సు చౌటుప్పల్‌లో ఆగినప్పుడో, పాలమూరు బస్సు షాద్‌నగర్‌లో ఆగినప్పుడో తాగిన ఒక్క చాయ్‌తో పరీక్ష రేపటికి వాయిదా పడుతుంది. గొంతు మొద్దుబారి ఉన్నప్పుడు కడుపులోది పైకి తన్నుకొస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే అంత పట్టింపు. గద్వాల, కొల్లాపూర్, అచ్చంపేట, దేవరకొండ నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే వచ్చి ఉండటం మేలు.

కట్టుడు పళ్లుంటే తీసేయాలి. ఊగే పన్నుంటే చెప్పాలి. వేళ్లకు నెయిల్ పాలిష్ ఉండొద్దు, ఆక్సిజన్ చూసే క్లిప్ అక్కడే పెడతారు.

లోపల ఏం జరుగుతుందో నాయనకు ముందే చెప్పి ఉంచండి. గొంతులో చేదు మందు కొడతారు, నాలుక, గొంతు మొద్దుబారతాయి, మింగలేకపోతున్నట్టు అనిపిస్తుంది. మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, చాలామందికి తర్వాత పెద్దగా గుర్తుండదు. గొట్టం పోతున్నప్పుడు దగ్గొస్తుంది, ఊపిరి ఆడటం లేదనిపిస్తుంది. గొట్టం పక్క నుంచి గాలి పోతూనే ఉంటుంది, ఆక్సిజన్ పెడతారు. మాట్లాడకూడదు, ఏమైనా ఇబ్బంది అయితే చెయ్యెత్తాలి. మామూలు బ్రాంకోస్కోపీ అరగంట లోపే అయిపోతుంది. ఈబస్, రోజ్, ఎండోమైక్రోస్కోపీ కలిస్తే ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. బయట కూర్చున్న మీరు ఆలస్యమైందని కంగారుపడకండి. పాథాలజిస్టు ‘ఇంకోటి’ అన్నారంటే అది మీ మంచికే.

సీసాల దగ్గర నిఘా

ముక్క బయటికొచ్చాక అది ఏ సీసాలోకి పోతుందన్నదే అసలు సంగతి, ఇంట్లో వాళ్లెవరూ పట్టించుకోనిది కూడా ఇదే. క్యాన్సర్ పరీక్షకు వెళ్లేది ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా ఉంచే మందు నీళ్లలో, వేస్తారు. టీబీ కల్చర్‌కు, అంటే క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, వెళ్లేది సెలైన్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో పడ్డ టీబీ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌లో పెరగదు. క్యాన్సరా టీబీయా అన్న అనుమానం ఉన్న మనిషికి ముక్కంతా ఫార్మలిన్‌లోనే వేస్తే సగం ప్రశ్నకే జవాబొస్తుంది. అందుకని గదిలోకి తీసుకెళ్లకముందే నర్సునో డాక్టర్నో మర్యాదగా అడగండి: ‘టీబీ పరీక్షకు కూడా వేరుగా పంపుతున్నారా?’ లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అనుమానం ఉంటే దానికీ ఫార్మలిన్ లేకుండా కొంత పక్కన పెడతారు.

సూదితో తీసిందైతే స్లైడ్లతో సరిపెట్టకుండా ‘సెల్ బ్లాక్’ చేస్తారా అని అడగండి. కణాలను ఒకచోట ముద్ద చేసి మైనంలో పోస్తారు. తర్వాత చేయాల్సిన జన్యు పరీక్షలన్నీ దాన్ని కోసుకునే చేయొచ్చు.

సీసాల మీద పేరు, వయసు, నంబరు, ఎక్కడి నుంచి తీశారన్నది మీ కళ్లతో చూడండి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు వార్డులో ఇద్దరుంటారు. బయటి ల్యాబ్‌కు మీరే మోసుకెళ్లాల్సి వస్తే మూత గట్టిగా ఉందా చూసి, చీటీతో పాటు అదే రోజు ఇచ్చి రసీదు తీసుకోండి.

బయటికొచ్చాక

గొంతు మొద్దు వదిలేదాకా, సుమారు 2 గంటలు, నోట్లో ఏమీ పెట్టొద్దు. ముందు ఒక గుక్క నీళ్లు తాగించి చూడండి. దగ్గు రాకపోతే పల్చటి జావ, ఆ తర్వాత మామూలు తిండి. మత్తు ఇచ్చారు కాబట్టి ఆ రోజంతా బండి నడపకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు. మత్తులో ఉన్న మనిషితో భూమి కాగితాల మీద సంతకం పెట్టించుకునే అల్లుళ్లు ఉంటారని కాదు, ఊరికే చెప్తున్నా.

ఒకటి రెండు రోజులు గొంతు నొప్పి, కళ్లెలో రక్తపు చారలు, ఆ సాయంత్రం కొద్దిపాటి జ్వరం మామూలే. ఫ్లోరెసీన్ ఎక్కిస్తే ఒళ్లు కొన్ని గంటలు పచ్చబడుతుంది, మూత్రం ఒకటి రెండు రోజులు చిక్కటి పసుపు రంగులో వస్తుంది. కామెర్లని పసరు వైద్యానికి పరుగెత్తకండి. ఆ రెండు మూడు రోజుల్లో రక్త, మూత్ర పరీక్షలేవైనా చేయిస్తే రంగు ఎక్కించిన సంగతి ల్యాబ్‌లో చెప్పండి.

ఇవి కనబడితే మాత్రం ఆలస్యం వద్దు: చారలు కాకుండా రక్తమే గడ్డలుగా పడటం, ఒక్కసారిగా ఛాతీ నొప్పి, పెరిగే ఆయాసం, తగ్గని జ్వరం. ఊపిరితిత్తి నుంచి గాలి లీకైతే అది కొన్ని గంటల తర్వాత కూడా బయటపడొచ్చు. ముక్క తీశాక ఎక్స్‌రే తీశారా అని అడగండి. దూరం వాళ్లు వీలైతే ఆ రాత్రి నగరంలోనే చుట్టాలింట్లో ఉండండి. ఊరికి పోయాక అయితే 108కి ఫోన్ చేసి ఏ పరీక్ష జరిగిందో ముందే చెప్పండి.

రిపోర్టు చదవడం

రోజ్ చూసి గదిలోనే ‘కణాలు వచ్చాయి’ అన్నారంటే ముక్క సరిపోయిందనే అర్థం. తుది మాట కాదు. కాగితం మీద రిపోర్టుకు కొన్ని రోజులు పడుతుంది. ‘మాలిగ్నెంట్’ అంటే క్యాన్సర్. ‘సస్పీషియస్’, ‘ఏటిపికల్’ అంటే అనుమానం, ఇంకా తేల్చాలి. ‘గ్రాన్యులోమా’ (వాపు కణాల చిన్న ముద్ద) అని ఉంటే టీబీ, సార్కాయిడోసిస్ (క్యాన్సర్ కాని ఒక వాపు జబ్బు) లాంటి వాటి వైపు చూస్తారు. ‘నాన్ డయాగ్నస్టిక్’ అన్నది అందరూ తప్పుగా అర్థం చేసుకునే మాట. క్యాన్సర్ లేదని కాదు, చెప్పడానికి సరిపడా కణాలు దొరకలేదని. సీటీలో గడ్డ అనుమానంగా ఉండి రిపోర్టు ఇలా వస్తే స్వీట్లు పంచకండి, మళ్లీ తీయాలా, వేరే దారిలో తీయాలా అని అదే వారం అడగండి.

క్యాన్సర్ అని తేలితే టీటీఎఫ్-1, పీ40 లాంటి పరీక్షలతో రకం తేలుస్తారు. అడెనోకార్సినోమా అయితే ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్-1, పీడీ-ఎల్1 పరీక్షలు కూడా కావాలి. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు మన దేశపు రోగుల్లో బాగానే కనబడుతుంది. అది ఉంటే రోజూ వేసుకునే గోలీలతో వైద్యం చేసే వీలుంటుంది. ఈ ఫలితాలకు రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ లోపు కీమో మొదలుపెడదామని ఎవరైనా తొందర చేస్తే, పరిస్థితి అంత అత్యవసరమా, ఫలితాల దాకా ఆగొచ్చా అని అడిగే హక్కు మీకుంది.

ఆస్పత్రి మారినా, రెండో డాక్టర్‌కు చూపించాలన్నా రిపోర్టు కాగితం చాలదు. మైనం బ్లాక్, స్లైడ్లు అడిగి తీసుకోండి. సంతకం చేయించుకుని ఇస్తారు. కొత్త చోట వాటి నుంచే మళ్లీ పరీక్షలు చేస్తారు, ఇంకోసారి సూది వేయాల్సిన పని ఉండకపోవచ్చు. స్లైడ్లు పగలకుండా గట్టి డబ్బాలో పెట్టండి. ఎండాకాలంలో బ్లాక్‌ను కారు అద్దం ముందు వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది. చేతి సంచిలో, నీడన పెట్టుకోండి.